దేవుడు దేనికీ సాటి కానివాడైతే ఆ నమ్మకం తండ్రి నుంచి బిడ్డకి ఎలా అందుతుంది? (యూదు, క్రైస్తవ, ఇస్లాం వాదనలు)

గోదారిగట్టు

యూదు, క్రైస్తవ, ఇస్లాం మతాలు మూడూ దేవుడు సృష్టికి అతీతుడనే చెబుతాయి. మామూలుగా వినబడే పోలిక ఇదీ: ఇస్లాంలో ఈ అతీతత్వం అన్నిటికంటే ఎక్కువ, ఆ తర్వాత యూదు మతం, క్రైస్తవంలో దేవుడే మనిషిగా వచ్చాడు కాబట్టి అక్కడ తక్కువ. ఈ నిచ్చెన సరైనదేనా?

దీన్ని ఆనుకునే ఇంకో ప్రశ్న ఉంది. ఎక్కువమంది పుట్టిన ఇంట్లో ఉన్నదే నమ్ముతారు. కంటికీ ఊహకీ అందని దేవుణ్ణి "అమ్మానాన్న చెప్పారు" అన్న ఒక్క ఆధారంతో నమ్మితే, ఆయా మతాల లెక్కలోనే అది విశ్వాసం కిందకి వస్తుందా? మూలాలు చదివినవాళ్లు చెప్పండి. ఏ మతం గొప్పది అన్న వాదన మాత్రం వద్దు.

అరమాయిచదువరి

నిచ్చెన పనికిరాదండీ. మూడు మతాల్లోనూ దేవుణ్ణి చాలా దూరంగా పెట్టినవాళ్లున్నారు, చాలా దగ్గరగా చెప్పినవాళ్లూ ఉన్నారు. గీత ఎక్కడ గీశారో చూడాలి.

హీబ్రూ లేఖనంలోనే రెండు మాటలూ ఉన్నాయి. ద్వితీయోపదేశకాండం 4:15 హోరేబులో మీరు ఏ రూపాన్నీ చూడలేదంటుంది. నిర్గమకాండం 24:10 మాత్రం పెద్దలు ఇశ్రాయేలు దేవుణ్ణి చూశారనీ, ఆయన పాదాల కింద నీలం పరిచినట్టు ఉందనీ అంటుంది. అరమాయిక్ అనువాదం ఒంకెలోస్ ఇక్కడ ఏం చేసిందో గమనించండి. "దేవుణ్ణి చూశారు" అన్నచోట "దేవుని మహిమను చూశారు" అని పెట్టింది. "ఆయన పాదాల కింద" అన్నది "ఆయన మహిమా సింహాసనం కింద" అయింది. ఆదికాండం 11:5లో బాబెలు గోపురం చూడటానికి యెహోవా "దిగివచ్చెను" అని తెలుగు బైబిల్లో చదువుతాం. ఒంకెలోస్‌లో ఆయన దిగిరాడు, "ప్రత్యక్షమవుతాడు".

అయితే ఇది అన్నిచోట్లా ఒకేలా చేసిన పని కాదు. నిర్గమకాండం 31:18లో "దేవుని వేలు"ని అలాగే వదిలేసింది. దీని మీద మధ్యయుగ యూదు తత్త్వవేత్త మైమోనిదీస్ తన గ్రంథంలో ఒక అధ్యాయంలో ఆగి మరీ ఆశ్చర్యపోయాడు. కాబట్టి "ఒంకెలోస్ మానవరూప వర్ణనలన్నీ తీసేసింది" అని ఎవరైనా రాస్తే నమ్మకండి.

తాల్ముద్‌లో (రబ్బీల, అంటే యూదు మతగురువుల, చర్చల సంకలనం) రబ్బీ యూదా మాట ఒకటుంది (కిద్దుషీన్ 49అ): వాక్యాన్ని ఉన్నదున్నట్టు అనువదించేవాడు అబద్ధికుడు, దానికి కలిపేవాడు దైవదూషకుడు. రెండు వైపులా గొయ్యే. అందుకే ఏది మార్చవచ్చో ఎవరికి తోచినట్టు వారు తేల్చుకోవడం కుదరదు, పరంపరగా వచ్చిన అనువాదమే కావాలి. మీ రెండో ప్రశ్న అప్పుడే తలుపు తట్టింది చూడండి.

పాతబస్తీపాఠం

ఇస్లాం వైపు నుంచి. అతీతత్వానికి వాడే మాట తన్‌జీహ్, అంటే దేవుణ్ణి సృష్టి లక్షణాల నుంచి దూరంగా, పవిత్రంగా ఉంచడం. దీనికి ఎదురుమాట తష్‌బీహ్, పోల్చడం. తన్‌జీహ్ హద్దు దాటితే తాతీల్ అంటారు, గుణాలన్నీ ఖాళీ చేసేయడం. ఈ మూడో మాట తెలియకపోతే ఇస్లాంలో "ఎంత దూరంగా పెడితే అంత మంచిది" అన్న పొరపాటు వస్తుంది. ఖుర్‌ఆన్ 42:11 ఒకే ఆయత్‌లో రెండు వైపులా కంచె వేసింది: "ఆయన వంటిది ఏదీ లేదు" అని ముందు, "ఆయన వినేవాడు, చూసేవాడు" అని వెంటనే. మొదటి సగం పోల్చేవాళ్లకి, రెండో సగం ఖాళీ చేసేవాళ్లకి. 50:16 అయితే మనిషికి కంఠనాళం కంటే దగ్గరగా ఉన్నానంటుంది.

"అర్ష్ మీద ఇస్తివా" (సింహాసనం మీద నెలకొనడం, 20:5), "నా రెండు చేతులతో" (38:75) లాంటి ఆయత్‌లు వచ్చినప్పుడు మూడు దారులున్నాయి. ఆ గుణం నిజమే కానీ ఎలాగో అడగకూడదు అనేది ఒకటి. ఇబ్న్ తైమియ్యా (1263–1328) దీన్ని గట్టిగా నిలబెట్టాడు. అర్థాన్ని దేవుడికే అప్పగించి ఊరుకోవడం రెండోది, తఫ్‌వీద్. భాష ఒప్పుకునే మేరకు "చేయి" అంటే శక్తి లేదా అనుగ్రహం అని చెప్పడం మూడోది, తావీల్. ఇస్తివా గురించి అడిగినవాడికి ఇమామ్ మాలిక్ (మరణం 795) ఇచ్చిన జవాబును మూడు దారులవారూ తమదేనంటారు: ఇస్తివా తెలిసిందే, ఎలాగో తెలియదు, నమ్మడం విధి, దాని గురించి ప్రశ్నించడం బిద్అత్ (మతంలో కొత్తగా కల్పించింది).

సామాన్యుడు ఏం చేయాలో ఇస్లాం పండితుడు గజాలీ తన చివరి రోజుల్లో (మరణం 1111) రాసిన చిన్న గ్రంథంలో ఏడు మెట్లుగా చెప్పాడు. శరీర భావన నుంచి దేవుణ్ణి పవిత్రంగా ఉంచడం, ప్రవక్త చెప్పింది నిజమని ఒప్పుకోవడం, తన అశక్తత ఒప్పుకోవడం, ప్రశ్నలు ఆపడం, మాటలు మార్చకపోవడం, మనసులో కూడా తవ్వకపోవడం, తెలిసినవారికి వదిలేయడం. మొదటి మెట్టుకి ఆయన ఉదాహరణ: "ఊరు అమీర్ చేతిలో ఉంది" అంటాం. ఆ అమీర్‌కి చేయి తెగిపోయి ఉన్నా ఆ మాట నిజమే. చేయి అనగానే మాంసం, ఎముక, నరం అనుకోనక్కర్లేదని చిన్నపిల్లాడికి కూడా అర్థమయ్యే ఉదాహరణ ఇది.

అనువాదకులు ఐదో మెట్టు దగ్గర ఆగి చదవాలి. మాటను వేరే భాషలో పెట్టకూడదు, ఎందుకంటే అరబీలో ఉన్న అర్థాల పరిధి ఫార్సీ మాటకి ఉండదు. క్రియగా వచ్చినదాన్ని నామంగా మార్చకూడదు: "ఇస్తవా" అని వస్తే "ముస్తవీ" అనకూడదు. చేయి వచ్చింది కదా అని అరచేయి, మోచేయి ఊహించకూడదు. చెల్లాచెదురుగా వచ్చిన మాటల్ని పోగుచేసి "చేతి అధ్యాయం", "పాదం అధ్యాయం" అని పుస్తకం కట్టకూడదు. కారణం కూడా చెప్పాడు: వేర్వేరు సందర్భాల్లో ఒక్కొక్కటిగా విన్నప్పుడు మనసులో బొమ్మ కట్టదు, అన్నీ ఒకచోట చేరిస్తే శరీరం తయారవుతుంది. తెలుగులో "సింహాసనాన్ని అధిష్ఠించాడు" అని రాసే ప్రతిచోటా ఈ హెచ్చరిక గుర్తుకు రావాలి. "అధిష్ఠించడం"లో కూర్చోవడం ఉంది, అరబీ మాటలో అది తప్పనిసరి కాదు.

గోదారిగట్టు

ఏడో మెట్టు "తెలిసినవారికి వదిలేయడం" అంటే అది తఖ్లీదే (సొంతంగా పరిశీలించకుండా ఒకరిని అనుసరించడం) కదండీ? హైదరాబాద్‌లో ముఖల్లిద్, గైర్‌ముఖల్లిద్ (తఖ్లీద్ చేసేవాడు, చేయనివాడు) అనే మాటలు వినబడుతుంటాయి. అదీ ఇదీ ఒకటేనా?

పాతబస్తీపాఠం

కాదు. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మీరు విన్నది ఫిఖ్‌హ్‌కి, అంటే ఆచరణ ధర్మశాస్త్రానికి, సంబంధించినది. నమాజులో చేతులు ఎక్కడ కట్టుకోవాలి, తలాక్ ఎప్పుడు చెల్లుతుంది వంటి విషయాల్లో హనఫీ, షాఫయీ లాంటి ఒక ధర్మశాస్త్ర సంప్రదాయాన్ని, అంటే మజ్‌హబ్‌ను అనుసరించడం. అహ్లె హదీస్ వారు దీన్ని కాదంటారు కాబట్టి వారిని గైర్‌ముఖల్లిద్ అంటారు. దేవుడున్నాడు, ఒక్కడే, ఆయనకు సాటి లేదు అన్న అఖీదా (మూల విశ్వాసం) విషయంలో తఖ్లీద్ వేరే చర్చ. అక్కడ మజ్‌హబ్‌లను పాటించే పండితులే కఠినంగా ఉన్నారు. లఖానీ (మరణం 1631) పద్యరూపంలో రాసిన అఖీదా పాఠం మదరసాల్లో కంఠస్థం చేయిస్తారు. తౌహీద్‌లో (దేవుడు ఒక్కడేనన్న విశ్వాసంలో) తఖ్లీద్ చేసినవాడి ఈమాన్ (విశ్వాసం) సందేహం లేకుండా ఉండదని అందులోనే ఉంది. షియా మర్జాల (అనుసరించదగిన పెద్ద పండితుల) ఆచరణ గ్రంథాలు తెరిస్తే మొదటి మస్అలాలోనే (అంశంలోనే) మూల విశ్వాసాల్లో తఖ్లీద్ చెల్లదనీ, ఎవరి నమ్మకం వారిదై ఉండాలనీ కనిపిస్తుంది. ఆ తర్వాత వందల పేజీలు తఖ్లీద్ చేయవలసిన ఆచారాల గురించే.

మరి చదువురాని రైతు ఈమాన్ చెల్లదా? అష్అరీ, మాతురీదీ అనే రెండు సున్నీ సిద్ధాంత సంప్రదాయాల పండితుల్లో ఎక్కువమంది తీర్పు: ఈమాన్ చెల్లుతుంది, కానీ ఆలోచించే శక్తి ఉండి ఆలోచించకపోతే పాపం. ఆలోచన అంటే తర్కశాస్త్రం కాదు. వారు చూపించే కొలత ఒక ఎడారివాసి మాట: "పేడ ఒంటెను చూపుతుంది, అడుగుజాడ నడిచినవాణ్ణి చూపుతుంది, నక్షత్రాలున్న ఆకాశం తన కర్తను చూపదా?" ఇంత చాలు.

ఇంకో జాగ్రత్త. ఖుర్‌ఆన్ వారసత్వాన్ని మొత్తంగా కొట్టిపారేస్తుందని అనుకోవద్దు. 43:23లో "మా తాతలను ఒక మార్గం మీద చూశాం, వారి అడుగుజాడల్లోనే వెళ్తాం" అన్నవారిని తప్పుపట్టింది. 12:38లో యూసుఫ్ జైల్లో తోటి ఖైదీలతో అన్నదేమిటి? "నా తండ్రులు ఇబ్రాహీం, ఇస్‌హాఖ్, యాఖూబ్ మార్గాన్ని అనుసరించాను." 2:133లో యాఖూబ్ మరణశయ్య మీద అడిగితే కొడుకులు "నీ దేవుణ్ణి, నీ తండ్రుల దేవుణ్ణి" అంటారు. రెండుచోట్లా తండ్రులే. 2:170 తేడా చూపింది: తాతలు ఏమీ గ్రహించనివారైనా, దారి దొరకనివారైనా సరే వెంట నడుస్తారా అని అడుగుతుంది. తప్పు అక్కడుంది.

గజాలీ తన మేధో ప్రయాణం గురించి చెబుతూ క్రైస్తవుల పిల్లలు క్రైస్తవులుగా, యూదుల పిల్లలు యూదులుగా, ముస్లింల పిల్లలు ముస్లింలుగా పెరగడమే తనను కదిలించిందని రాశాడు. అదే గ్రంథంలో తఖ్లీద్‌ను గాజుతో పోల్చాడు. తాను ముఖల్లిద్‌నని తెలియనంత కాలమే మనిషి ముఖల్లిద్‌గా ఉంటాడు. తెలిసిన క్షణం ఆ గాజు పగులుతుంది. పగిలిన గాజుకి అతుకు వేయలేరు, నిప్పులో కరిగించి మళ్లీ కొత్తగా పోత పోయాల్సిందే.

గుండ్లకమ్మ

క్రైస్తవం గురించి నేను అందుకుంటానండీ. "మనిషిగా వచ్చాడు కాబట్టి అతీతత్వం తక్కువ" అన్న మాట దగ్గరే అసలు చిక్కు. 451లో ఖల్కెదోను సభ క్రీస్తులో రెండు స్వభావాలు ఎలా కలిసున్నాయో చెప్పాలని కూర్చుని, చివరికి "ఎలా" అన్నది చెప్పలేదు. నాలుగు "కాకుండా"లు చెప్పింది: కలగలిసిపోకుండా, మారిపోకుండా, విడిపోకుండా, వేరుపడకుండా. నాలుగూ నిషేధాలే. దేవుడు మనిషైనా దైవత్వం మానవత్వంగా మారలేదన్నదే మొదటి రెండు మాటల పని.

నాలుగో శతాబ్దంలో యునోమియుస్ దేవుని సారాన్ని మాటల్లో పట్టుకోవచ్చన్నాడు. కైసరయ బాసిల్ ఒప్పుకోలేదు. ఆయన కార్యాలు మన దగ్గరికి దిగివస్తాయి, ఆయన సారం మాత్రం అందనిదిగానే ఉంటుందని ఒక ఉత్తరంలో రాశాడు. ఆ తేడా మీదే తూర్పు సంఘపు గ్రెగరీ పాలమాస్ నిలబడ్డాడు, 1351లో కాన్‌స్టాంటినోపుల్ సభ దాన్ని ఖాయం చేసింది. పడమటి సంఘం 1215 లాతెరన్ సభలో అన్నది: సృష్టికర్తకూ సృష్టికీ మధ్య ఎంత పోలిక చెప్పినా అంతకంటే ఎక్కువ వ్యత్యాసం ఉండి తీరుతుంది. పోలికను తీసేయలేదు, దానికి పైకప్పు వేయనివ్వలేదు.

వారసత్వం దగ్గర క్రైస్తవం నిజంగానే రెండుగా చీలింది. తెర్తుల్యన్ రెండో శతాబ్దం చివర "క్రైస్తవులు తయారవుతారు, పుట్టరు" అన్నాడు. మత్తయి 3:9లో యోహాను "అబ్రాహాము మాకు తండ్రి అనుకోవద్దు, దేవుడు ఈ రాళ్ల నుంచి కూడా అబ్రాహాముకు పిల్లల్ని పుట్టించగలడు" అంటాడు. మరి పసిబిడ్డకి బాప్తిస్మం ఇస్తే? అక్కడ విశ్వాసం పలికేది తల్లిదండ్రులూ సంఘమూ, పెద్దయ్యాక కన్ఫర్మేషన్‌లో ఆ బిడ్డ తన నోటితో ఒప్పుకోవాలి. 1525 జనవరిలో జూరిక్‌లో కొందరు దీన్ని కాదని పెద్దవాళ్లుగా మళ్లీ బాప్తిస్మం తీసుకున్నారు. మెన్నొనైట్‌ల మూలం అదే. మన దగ్గర ఈ తేడా పక్కపక్క ఊళ్లలోనే ఉంది. 1947లో ఏర్పడిన సీఎస్ఐలో (దక్షిణ ఇండియా సంఘంలో) పసిబిడ్డల బాప్తిస్మం ఉంది. ఒంగోలు బాప్టిస్టు సంఘాల్లో, మహబూబ్‌నగర్ మెన్నొనైట్ బ్రదరెన్‌లో బిడ్డను ప్రతిష్ఠించి ప్రార్థిస్తారు, బాప్తిస్మం మాత్రం సొంత ఒప్పుకోలు తర్వాతే.

ఒంగోలు చరిత్రలో ఇంకో సంగతి చూడాలి. 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ పనుల కాలమంతా మిషనరీ జాన్ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు, సాయం కోసం వస్తున్నారేమోనని. మళ్లీ మొదలుపెట్టాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మం ఇచ్చారు. సిద్ధాంతం ప్రకారం ఒక్కొక్కరి సొంత ఒప్పుకోలు. కానీ ఆ కబురు పల్లె నుంచి పల్లెకి మాదిగ బంధుత్వాల దారిలో వెళ్లింది, పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నాకే కుటుంబాలు కదిలాయి. విశ్వాసం పైనుంచి కిందికి, తండ్రి నుంచి కొడుక్కే కాదు, అడ్డంగా బావమరిది నుంచి బావకీ వెళ్తుంది. వారసత్వమనగానే తలవంచే అలవాటు అనుకోవడం నాకు నచ్చదు, ఆ కుటుంబాలకి అది ఎదురునిలిచే బలం కూడా.

పాతబస్తీపాఠం

గుండ్లకమ్మ గారూ, ఖల్కెదోను నిషేధాలు బాగా చెప్పారు. అయినా భేదం అక్కడితో తీరదు. "మారలేదు" అన్న మీ మాటను ఒప్పుకున్నా, ఆకలి, నిద్ర, మరణం పొందినవాణ్ణి దేవుడని పిలవవచ్చా అన్నది తన్‌జీహ్ అడిగే ప్రశ్న. ఖుర్‌ఆన్ 5:75 మర్యం గురించీ ఆమె కుమారుడి గురించీ "ఇద్దరూ అన్నం తినేవారే" అని ఒక్క ముక్కలో తేల్చింది.

గుండ్లకమ్మ

నిజమే, భేదం ఉంది, దాన్ని దాచక్కర్లేదు. క్రైస్తవ జవాబు ఏమిటంటే, ఏ హద్దుకీ లోబడనివాడు తాను దిగిరావాలనుకుంటే "దిగిరాకూడదు" అన్నది కూడా ఒక హద్దే అవుతుంది. పటాల గొడవలో (క్రీస్తు బొమ్మలు గీయవచ్చా అన్న వివాదంలో) దమస్కు యోహాను ఇదే పట్టుకున్నాడు: రూపంలేని దేవుణ్ణి చిత్రించను, మన కోసం శరీరంలో కనబడినవాణ్ణి చిత్రిస్తాను. 787 నికయ సభ ఆరాధన వేరు, గౌరవ వందనం వేరు అని గీత గీసింది. ఆ గీత చెరిగిపోతే వచ్చే ప్రమాదం గురించి మీ హెచ్చరిక సంఘాల్లోపల కూడా వినబడుతూనే ఉంది.

అరమాయిచదువరి

మొదటి ప్రశ్నకీ రెండో ప్రశ్నకీ ముడి వేసినవాడు మైమోనిదీస్ (మరణం 1204, ఈజిప్టు). దేవుడికి గుణాలు అంటగట్టకూడదు, కాదన్నవి మాత్రమే చెప్పాలి అన్నంత దూరం వెళ్లాడు. "కాదు, కాదు" అంటూ పోతే ఏం తెలుస్తుందని అడిగేవారికి ఓడ ఉదాహరణ ఇచ్చాడు. ఓడ అనేది ఉందని మాత్రమే ఒకడికి తెలుసు. అది వేరొకదాన్ని ఆశ్రయించి ఉండే గుణం కాదని ఇంకొకడు తెలుసుకున్నాడు. ఖనిజం కాదని ఒకడు, జంతువు కాదని ఒకడు, నేలలో పాతుకున్న మొక్క కాదని ఒకడు, సహజంగా ఒకే ముద్దగా ఏర్పడింది కాదని ఒకడు, పలకలా చదునైనది కాదని ఒకడు, గోళం కాదని ఒకడు, లోపల గట్టిగా నిండినది కాదని చివరివాడు. ఈ చివరివాడు ఓడ దగ్గరికి దాదాపు వచ్చేశాడు. ప్రతి "కాదు"కీ విడిగా రుజువు కావాలి, నోటితో అనేస్తే లెక్కలోకి రాదు. ఇక్కడ పొరబడవద్దు: ఓడ చివరికి దొరుకుతుంది, దేవుడి విషయంలో కాదన్నవి పెరుగుతాయేగానీ ఆయన సారం చేతికి రాదు.

ఇంత కష్టమైనది సామాన్యుడికి ఎలా? అదే గ్రంథం మొదటి భాగం 35వ అధ్యాయంలో ఆయన తీర్పు: గుణాల లోతులు దాచవచ్చు, కానీ దేవుడికి శరీరం లేదన్నది పిల్లలతో సహా అందరికీ తఖ్లీద్‌గా నేర్పాలి. అరబీలో ఆయన వాడిన మాట అదే. పాతబస్తీపాఠం గారు చెప్పిన అష్అరీ పండితులు ఏ విషయంలో తఖ్లీద్ చాలదన్నారో, సరిగ్గా అక్కడే మైమోనిదీస్ తఖ్లీద్‌ను తప్పనిసరి చేశాడు. తన ధర్మశాస్త్రంలో దేవుడికి శరీరం ఉందనేవాణ్ణి మతభ్రష్టుల్లో చేర్చాడు కూడా. ప్రొవాన్స్‌లోని రబ్బీ రావద్ (మరణం 1198) అక్కడే అంచున రాశాడు: ఎందుకు అలా అంటున్నావు? లేఖనాల్లో, అంతకంటే ఎక్కువగా అగ్గదాల్లో (రబ్బీల కథల్లో) చదివినదాన్ని బట్టి ఇతని కంటే గొప్పవారు ఆ దారిన వెళ్లారు. రావద్ శరీరం ఉందనలేదు. చదివి తప్పుగా అర్థం చేసుకున్నవాణ్ణి వెలివేయకు అన్నాడు. నా మట్టుకు ఈ విషయంలో రావద్ పక్షమే.

అంతకు ముందు శతాబ్దంలో యూదు తత్త్వవేత్త బహ్యా ఇబ్న్ పకూదా వారసత్వ విశ్వాసాన్ని గుడ్డివాళ్ల వరుసతో పోల్చాడు. ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని నడుస్తారు, ముందు ఒక్కడికి చూపుంది. ఆ ఒక్కడు ఏమరితే, లేదా మధ్యలో ఒకడు తూలితే, వెనకున్నవారంతా పడతారు.

వేదవీధి

ఇదంతా బృహదారణ్యకం "నేతి నేతి"కి, నిర్గుణ బ్రహ్మానికి దగ్గరగా అనిపిస్తోంది. తెలుగు పాఠకులకి అలా చెప్పవచ్చా?

అరమాయిచదువరి

దారి కొంతదూరం కలిసి వెళ్తుంది, ఊరు వేరు. అద్వైతంలో అన్నీ కాదనగా మిగిలింది ఆత్మే, చూసేవాడికీ దానికీ భేదం లేదు. మైమోనిదీస్‌లో ప్రతి "కాదు" సృష్టికర్తకీ చూసేవాడికీ మధ్య దూరాన్ని పెంచుతుంది. "నిర్గుణుడు" అని తెలుగులో రాస్తే పాఠకుడు అద్వైతంవైపే వెళ్లిపోతాడు. "గుణాలు ఆపాదించరాని" అని రాయడం మేలు.

తాల్ముద్‌లోని ఒక సంఘటనను మైమోనిదీస్ చాలా ప్రేమతో ఎత్తుకున్నాడు (బెరఖోత్ 33ఆ). ఒకాయన రబ్బీ హనీనా ముందు ప్రార్థన నడిపిస్తూ "గొప్పవాడు, బలవంతుడు, భయంకరుడు" తర్వాత ఇంకా విశేషణాలు కలుపుతూ పోయాడు. అయ్యేదాకా ఆగి హనీనా అడిగాడు: నీ యజమాని స్తుతులన్నీ అయిపోయాయా? ఆ మొదటి మూడూ మోషే ధర్మశాస్త్రంలో అని ఉండకపోతే, మహాసభవారు ప్రార్థనలో పెట్టి ఉండకపోతే, మనం వాటినీ అనలేకపోయేవాళ్లం. లక్షలాది బంగారు నాణేలున్న రాజును వెండి నాణేలున్నాయని పొగిడినట్టుంది. మైమోనిదీస్ పట్టుకున్న సూక్ష్మం: వెయ్యి బంగారు నాణేలవాడికి వంద ఉన్నాయని పొగిడినట్టు అనలేదు. బంగారాన్ని వెండి అన్నట్టు అన్నాడు. లెక్క తగ్గలేదు, జాతే మారింది.

గోదారిగట్టు

అంటే ఆ మూడు మాటలూ అనడానికి ధైర్యం ఇచ్చింది పెద్దల నుంచి వచ్చిన ప్రార్థనే. మరి పెద్దలు వేరే అయిన మనిషి, కొత్తగా మతంలోకి వచ్చినవాడు, "మా పితరుల దేవా" అని ఎలా అంటాడు?

అరమాయిచదువరి

తాల్ముద్‌కు మూలమైన మిష్నా (బిక్కూరీం 1:4) అనకూడదంది. అలాంటివాడు ఒంటరిగా ప్రార్థించేటప్పుడు "ఇశ్రాయేలు పితరుల దేవా" అనాలి, సమాజమందిరంలో "మీ పితరుల దేవా" అనాలి. యెరూషలేము తాల్ముద్‌లో రబ్బీ యూదా అనవచ్చన్నాడు. ఓబద్యా అనే కొత్త విశ్వాసి సరిగ్గా ఇదే అడిగితే మైమోనిదీస్ జవాబు రాశాడు. ఒక్క మాట కూడా మార్చకు, అందరిలాగే "మా పితరుల దేవా" అను, అబ్రాహాము దారిలోకి వచ్చినవారందరికీ ఆయనే తండ్రి అన్నాడు. "మమ్మల్ని ఐగుప్తు నుంచి బయటికి తెచ్చినవాడా" అన్న మాటను మాత్రం కావాలంటే మార్చుకోవచ్చు, మార్చకపోయినా దోషం లేదు. ఆపైన ఇంకో మాట చేర్చాడు: నీ పుట్టుక చిన్నదనుకోకు, మేము అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల దగ్గర మొదలైతే, నువ్వు నేరుగా లోకాన్ని తన మాటతో కలిగించినవాడి దగ్గర మొదలయ్యావు.